ఒకే సంగీతము, పెక్కు ప్రతులు

గడచిన కార్తికమాసమున అమెరికాలోనున్న మా తమ్ముడు పంపిన చిన్న పెట్టె యొకటి మా యింటికి చేరినది. విప్పి చూడగా అందులో అయిదు సీడీలును, ఒక చిన్న పుస్తకమును ఉన్నవి. మా వారు అప్పుడే బడినుండి వచ్చి, గొడుగు మూలను పెట్టుచు, పెట్టెమీది పేరు చదివిరి. "ఇది మీ నాన్నగారి దగ్గరున్న రికార్డే కదా! ఉన్నదాన్నే మళ్ళీ కొనడమేమిటి?" అని అడిగిరి.

అడుగుటలో తప్పేమియు లేదు. ఆ పెట్టె వెల మా యింట మూడు నెలల పాల ఖర్చుకు సమానము. నా చీటీ సొమ్ములోనుండి మిగిల్చి కొన్నదైనను, సంసారములో నీ సొమ్ము నా సొమ్ము అను భేదము ఎక్కడిది? ఆ పూట వారికి కాఫీ యిచ్చి ఊరకుంటినిగాని, ఆ ప్రశ్న నా మనస్సున నిలిచిపోయినది. ఉన్న సంగీతమును మరల కొనుట వ్యసనమా, వివేకమా? ఈ అభిరుచిగల సోదరీమణులు నావలె మరికొందరు ఉందురను నమ్మకముతో, నాకు తోచిన సమాధానమును ఇచట వ్రాయుచున్నాను.

ముందుగా ఆ రికార్డు సంగతి చెప్పవలెను. మా నాన్నగారు మదరాసులో చదువుకొనుచున్న దినములలో "బెన్‌హర్" అను ఆంగ్ల చలనచిత్రమును చూచిరి. అది 1959లో విలియం వైలర్ దర్శకత్వమున వెలువడి, పదునొకండు ఆస్కారు బహుమానములను పొందిన చిత్రము. వారు చూచినది చాల ఏండ్ల తరువాత మరల ఆడినపుడు. చిత్రమున రథముల పందెమునకు ముందు రథికులందరును బారులుతీరి రంగస్థలమును చుట్టివత్తురు. అపుడు గుఱ్ఱముల అడుగులకు తగినట్లు బాకాలు మ్రోగుచు నొక ఊరేగింపు వాద్యము వినవచ్చును. అది నాన్నగారి చెవిలో పడి మరి పోలేదు. కొన్నాళ్ళకు మూర్ మార్కెట్టులో పాత రికార్డుల అంగడియందు ఆ చిత్రపు లాంగ్ ప్లే రికార్డు కనబడగా, భోజనపు డబ్బు పెట్టి కొనిరట. ఇంటికి తెచ్చి రెండు ప్రక్కలును వినిరి. ఆ ఊరేగింపు మాత్రము అందులో లేదు!

నా బాల్యమున ఆదివారము మధ్యాహ్నము ప్రబంధపాఠము ముగిసిన పిమ్మట నాన్నగారు ఆ రికార్డును పెట్టెడివారు. ఓడలో బానిసలు తెడ్లు వేయు ఘట్టపు వాద్యము నాకు మిక్కిలి ఇష్టము. తాళము మెల్లగా మొదలై, అధికారి ఆజ్ఞతో పాటు వడి పెంచుకొనుచు, తుదకు ఊపిరాడనంతటి వేగమునకు చేరును. నాన్నగారు కుర్చీ చేతిమీద వ్రేలితో తాళము వేయుచు, "చూశావా, లయ ఒక్కటే కథంతా చెబుతోంది" అనెడివారు. అంతయు అయిన పిదప, "ఆ రథాల ఊరేగింపు కూడా ఉంటేనా!" అని ఒక్కమాట అనక మానెడివారు కారు.

పెండ్లియైన తరువాత నేను ఆ చిత్రమును మొదటిసారి చూచితిని. తెడ్ల ఘట్టము రాగానే నిటారుగా కూర్చుంటిని. స్వరములు అవియే, కాని వాయించు తీరు వేరుగా ఉన్నది. నడక వేరు, వాద్యముల బరువు వేరు. నా చెవి పొరబడినదేమోనని మరల మరల వింటిని. పొరబాటు నాది కాదు. నాన్నగారి రికార్డులో ఉన్నది చిత్రములో వినబడు వాద్యము కానే కాదు!

దీనికి కారణము తెలిసికొనగా విచిత్రమైన చరిత్ర బయటపడినది. ఈ సంగీతమును కూర్చిన మిక్లోష్ రోజా 1907లో హంగరీ రాజధానియగు బుడాపెస్టున జన్మించి, పారిసునందును లండనునందును పనిచేసి, 1940లో అమెరికా చేరినవాడు. బెన్‌హర్‌కై ఆయన రెండు గంటలకు మించిన సంగీతమును వ్రాసి, మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థవారి పెద్ద వాద్యబృందముచే కాలిఫోర్నియాలో వాయింపించెను. అది చిత్రమునకు ఎక్కినది. కాని అచటి వాద్యకారుల సంఘమువారి నియమము ప్రకారము, చిత్రముకొరకు వాయించినదానిని రికార్డుగా అమ్మవలెనన్న వారికి మరల వేతనము చెల్లింపవలెను. పెద్ద బృందమునకు రెండవమారు కూలి ఇచ్చుటకంటె, మరియొక దేశమున క్రొత్తగా వాయింపించుటయే చౌక! అందుచే 1959 నాటి రికార్డును రోము నగరమున కార్లో సవీనా అను నాయకుని ఆధ్వర్యమున వాయింపించిరి. అందు పట్టినంతయే పట్టించి, తక్కినది వదలిరి. అట్లు వదలినవానిలో మా నాన్నగారి ఊరేగింపు ఒకటి.

ఇట్టి చరిత్ర ఒక్క బెన్‌హర్‌కే పరిమితము కాదు. 1975లో వెలువడిన "జాస్" చిత్రపు రికార్డును సైతము జాన్ విలియమ్స్ వినుటకు అనువుగా మార్చి వేరుగా వాయింపించినదే. చిత్రములోని అసలు వాద్యము 2000లోను, మరింత సంపూర్ణముగా 2015లోను మాత్రమే జనులకు అందినది. పాత లాంగ్ ప్లే రికార్డున రెండు ప్రక్కలును కలిపి నలువది, ఏబది నిమిషములకు మించి పట్టదు. వేతనముల భయముచే పెక్కు రికార్డులు అరగంటకే ముగిసెడివి. మూడున్నర గంటల చిత్రమునకు అరగంట సంగీతము! తక్కిన దంతయు స్టూడియోల గిడ్డంగులలో డబ్బాలలో పడియుండెను.

ఆ డబ్బాలను తెరచి, మిగిలినదానిని వెలికితీసి ప్రకటించునవే విస్తృత ప్రతులు. 1990 తరువాతి కాలమున ఈ పని ముమ్మరమైనది. ఫిల్మ్ స్కోర్ మంత్లీ అను పత్రికవారు 1996 మొదలు 2013 వరకు సుమారు 250 ఇట్టి ప్రతులను వెలువరించిరి. ఇంట్రాడా, లా-లా ల్యాండ్, వరేస్ సారబాండ్ మొదలగు సంస్థలును ఇదే పనిలో ఉన్నవి. వాద్యకారుల సంఘమువారును, కొద్ది ప్రతులు మాత్రమే వేయువారికి వేతనపు నియమములను సడలించిరి. అందుచేతనే వీనిలో పెక్కింటిపై "మూడువేల ప్రతులు మాత్రమే" అని యుండును.

నేను చిన్ననాట నాన్నగారివద్ద కావ్యపాఠము చెప్పించుకొన్నదానను గనుక, ఈ పని నాకు క్రొత్తగా తోచలేదు. సీ. పీ. బ్రౌను దొర వేమన పద్యములకై ఊరూర తాళపత్రములను సేకరించి, కడపలో పండితులను కూర్చుండబెట్టి, ప్రతికి ప్రతి పోల్పించి శుద్ధప్రతులు వ్రాయించిన కథ మనకు తెలిసినదే. ఒక పత్రమున చరణము పోయియుండును. వేరొకదానిలో పురుగు తిన్నచోట మూడవదానినుండి అక్షరము దొరకును. సంగీతమునకును అంతే. ఒక టేపులో తొలి నాలుగు క్షణములు తెగిపోయి యుండును. మరియొకచోట దాచిన నకలులో అవి దొరకును. దర్శకుడు వలదన్నపుడు సంగీతకర్త మార్చి వ్రాసిన పాఠాంతరము వేరు డబ్బాలో నుండును. పరిష్కర్తలు వీనినన్నిటిని వ్రాతప్రతితో సరిచూచి, వరుసలో కూర్తురు. మూలపాఠమును ముందుంచి, పాఠాంతరములను చివర చేర్తురు. మన కావ్యముల ముద్రణలో పుట అడుగున చిన్న అక్షరములతో పాఠాంతరములు చూపుట లేదా? అట్లే.

ఇక రీమాస్టరింగు అనునది వేరు పని. దొరకిన టేపును క్రొత్తగా యంత్రములో నడిపి అంకెల రూపమునకు మార్చి, బుసను, చిటపటను తగ్గించి, ఒకచోట మందముగాను మరియొకచోట కీచుగాను ఉన్న ధ్వనిని సమపరచుట. ఇది బియ్యము ఏరుట వంటిది. ఏరక వండిన రాయి పంటి క్రింద పడును. మితిమీరి చెరిగిన గింజలే చేటనుండి రాలిపోవును. బుసను పూర్తిగా పోగొట్టవలెనని పట్టుపట్టినవారు వయొలినుల తీగలపైని ఊపిరిని కూడ పోగొట్టుదురు. మరికొందరు అంతటను ధ్వనిని పెంచి, మెల్లని చోటును గట్టి చోటును ఒక్కటి చేయుదురు. అట్టి "మెరుగు" కంటె పాత ప్రతియే మేలు.

ఈ పనికి కాలము శత్రువు. పాత టేపులలోను, శబ్దమును నిలుపు అయస్కాంత ఫిల్ములలోను అసిటేటు అను పదార్థముతో చేసినవి కలవు. అవి వేడికిని తేమకును చెడి, పుల్లని వాసన వేయుచు, ముడుచుకొని పోవును. ఆ వాసన సిర్కా వాసన. ఊరగాయ జాడీ మూత తీయగానే చెడినదా నిలిచినదా అని వాసనతో చెప్పు మన గృహిణులకు ఈ సంగతి వేరుగా వివరింపనక్కరలేదు. ఒకసారి పులియుట మొదలైన ఫిల్మును ఆపలేరు. చల్లని పొడిచోటున నుంచి కొంత నెమ్మది పరుపగలరు, లేదా చెడకముందే నకలు తీయగలరు. విస్తృత ప్రతులకై చేసిన నకళ్ళ వలన కొన్ని సంగీతములు ప్రాణము దక్కించుకొన్నవనుట అతిశయోక్తి కాదు.

తిరస్కృతమైన సంగీతమునకు సైతము ఈ మార్గమున మోక్షము కలిగిన ఉదాహరణము కలదు. 1968 నాటి "2001: ఎ స్పేస్ ఒడిస్సీ" చిత్రమునకు అలెక్స్ నార్త్ అను ఆయన సంగీతము వ్రాసి వాయింపించెను. దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ దానిని విడిచి, పూర్వుల సంగీతమును వాడుకొనెను. నార్త్ 1991లో మరణించెను. ఆయన మిత్రుడు జెర్రీ గోల్డ్‌స్మిత్ 1993లో ఆ సంగీతమును క్రొత్తగా వాయింపించి వెలువరించెను. నార్త్ స్వయముగా చేయించిన వాద్యము 2007లో ఇంట్రాడావారి ప్రతిగా వచ్చినది. దాదాపు నలువది ఏండ్లు ఎవరును విననిది నేడు మన యింటిలో వినవచ్చును!

అయితే సోదరీమణులారా, ఇందులో మోసపోవుటకును చోటు కలదు. నేను మోసపోతిని గనుక చెప్పుచున్నాను. బెన్‌హర్ విస్తృత ప్రతి 2012లో వెలువడి, నేను వెదకునాటికి అంగళ్ళలో చెల్లిపోయినది. ఒక అమ్మకపువాడు తనవద్ద ఉన్నదని అంతర్జాలమున ప్రకటింపగా ఆతురతతో డబ్బు పంపితిని. పెట్టె వచ్చినది; అట్ట కూడ చక్కగానే యున్నది. సీడీలను త్రిప్పి చూడగా అడుగుభాగము వెండివలె తెల్లగా గాక, నీలపు ఛాయతో నుండెను. అచ్చువేసిన సీడీ అడుగు వెండివలె మెరయును. ఇంట నకలు తీసినదానికి నీలమో పచ్చయో రంగు పట్టును. పంపిన డబ్బు తిరిగి రాలేదు. మా వారికి ఆ సంగతి చెప్పుటకు నాకు నాలుగు దినములు పట్టినది. వారు కోపపడక, "పిల్లలకు లెక్క తప్పితే మళ్ళీ చేయిస్తాను. నువ్వూ మళ్ళీ చెయ్యి, ఈసారి సరిచూసుకుని" అనిరి. ఆ మాట విన్నపుడు కోపపడినను బాగుండునని తోచినది.

ఆ అనుభవముచే నేర్చిన కొన్ని మాటలు ఇచట వ్రాయుచున్నాను. ఇవి క్రొత్తగా సేకరింపగోరువారికి ఉపకరింపవచ్చును.

మొదటిది: అట్టపై "ఒరిజినల్ సౌండ్‌ట్రాక్" అని యున్నంత మాత్రమున అది చిత్రములోని వాద్యమని నమ్మరాదు. ఎవరు, ఎచట, ఏ సంవత్సరమున వాయించిరో లోపలి పుస్తకమున చూడవలెను. మంచి పరిష్కర్తలు ఈ వివరములను దాచరు.

రెండవది: సీడీల సంఖ్యను గాక క్రొత్త సంగీతపు నిమిషములను లెక్కింపవలెను. మనవద్ద లేనిది ఎంత? ఉన్నదానిలో ధ్వని ఎంత మేలైనది? ఈ రెండింటికిని సమాధానము లేనిచో అట్ట మారినదే గాని సరకు మారలేదు. "సూపర్‌మాన్" సంగీతము 1978లో రికార్డుగాను, 2000లో రెండు సీడీలుగాను, 2008లో తక్కిన చిత్రముల సంగీతముతో కలిసి పెద్ద పెట్టెగాను, 2019లో మరల మూడు సీడీలుగాను వచ్చినది. ప్రతిసారియు ఏదో యొక మేలు లేకపోలేదు. కాని అన్నిటిని కొనుట అందరికిని అవసరము కాదు.

మూడవది: "కొద్ది ప్రతులే మిగిలినవి" అను మాట వినగానే అప్పుచేయరాదు. అంగడిలో చీర మడత విప్పి, "ఇదొక్కటే మిగిలింది అమ్మగారూ" అను మాట మనమెరుగనిది కాదు గదా! నేడు చెల్లిపోయినది రేపు మెరుగైన రూపమున రావచ్చును.

నాలుగవది: కొన్నదానిని వినవలెను. అట్ట విప్పక అలమరలో పేర్చి, వెల పెరుగునని కాచుకొనుట సేకరణము కాదు, వడ్డీవ్యాపారము. సీడీని ఎండకును తేమకును దూరముగా నుంచి, తుడువవలసివచ్చిన మెత్తని గుడ్డతో నడుమనుండి అంచువైపునకు తిన్నగా తుడువవలెను. గుండ్రముగా తుడిచినచో పడు గీత శబ్దపు వరుస వెంటనే సాగి, ఎక్కువ చెరుపు చేయును.

మన తెలుగు చిత్రముల సంగతియేమని మీరడుగవచ్చును. మనకు రికార్డు అన్నచో పాటయే. పూర్వపు రికార్డున ప్రక్కకు మూడు, మూడున్నర నిమిషములకంటె పట్టకుండుటచే పాటలనే కుదించెడివారు. ఇక మాటల వెనుక మ్రోగు వీణకును, వేణువునకును రికార్డుపై చోటెక్కడిది? 1957 నాటి "మాయాబజార్" 2010లో రంగులతో మరల వచ్చినపుడు, దాని శబ్దమును నేటి థియేటర్లకు తగినట్లు సంస్కరించిరి. చూచి సంతోషించితిమి. కాని ఆ చిత్రమున పాటలు కాక మిగిలిన వాద్యమును మాత్రము ఏరి, వరుస కూర్చి, ఎవరు ఏమి వాయించిరో వ్రాసి, పుస్తకముతో సహా మన చేతికి ఇచ్చిన ప్రతి యేదియు నా కంటబడలేదు. ఘంటసాలవారి పాట మనకు కంఠస్థము. ఆయన కూర్చిన నేపథ్యవాద్యమును చిత్రమునుండి విడదీసి వినిన వారెందరు? పరదేశమున జరుగుచున్న ఈ పనిని చూచినపుడు నాకు సంతోషముతోపాటు కొంత దిగులును కలుగును.

ఇప్పుడు మరల మా పెట్టె సంగతి. నేను తొందరపడుటకు కారణము మరియొకటి యున్నది. రెండేండ్లనుండి నాన్నగారికి వినికిడి తగ్గుచున్నది. సన్నని, ఎత్తైన ధ్వనులు ముందుగా పోవునని వైద్యుడు చెప్పెను. బాకాలు వినబడు దినములు ఎన్ని మిగిలియున్నవో అను చింత నన్ను విడువలేదు. తమ్ముడు అమెరికాలో ఒక పాత సేకరణకర్తవద్ద అసలు ప్రతిని చూచి, త్రిప్పి పరీక్షించి పంపెను. ఆ ఆదివారమే నేనును మా వారును దానిని తీసికొని తెనాలి వెళ్ళితిమి.

మొదట నాన్నగారికి రోము సంగతి చెప్పితిని. వారి ముఖము చిన్నబోయినది. "అంటే, నలభై ఏళ్ళుగా నేను విన్నది అసలుది కాదన్నమాట" అనిరి. చెప్పకుండ నుండవలసినదేమో అని పశ్చాత్తాపపడితిని. పిమ్మట సీడీ పెట్టి, చెవులకు తొడుగు అమర్చి, రథికుల ఊరేగింపును వినిపించితిని. మొదటి బాకా మ్రోగగానే వారు చేయి పైకెత్తిరి, మమ్ములను మాటాడవలదన్నట్లు. ముగియువరకు ఆ చేయి దిగలేదు. "పందెం మొదలవగానే వాద్యం ఆగిపోతుంది, తెలుసా? పందెమంతా గుర్రాల డెక్కలూ, చక్రాలూ, జనం అరుపులే. అక్కడ సంగీతం పెట్టకపోవడమే సంగీతం" అని మా వారితో అనిరి. ఆ మాట నిజము. అంతటి పందెమునకు ఒక్క స్వరమైనను లేదు.

పుస్తకమును చూచుచు నేనొక సంగతి వారికి చూపితిని. ఈ పెట్టెలోని పరిష్కర్తలు చిత్రపు వాద్యమును, పాఠాంతరములను మాత్రమే కాక, 1959లో రోమునుండి వచ్చిన రికార్డును సైతము శుభ్రపరచి చేర్చియున్నారు. దానిని కల్లయని త్రోసివేయలేదు. మిక్లోష్ రోజా 1995లో మరణించెను. చిత్రపు అసలు వాద్యము రెండు సీడీలుగా రైనో సంస్థవారిచే 1996లో వెలువడుట ఆయన చూడలేదు. 2017లో ప్రాగు నగరపు వాద్యబృందము ఆ సంగీతమును మొదటినుండి మరల వాయించినది. ఇన్ని ప్రతులలో ఏది అసలైనది? వ్రాసిన చేయి ఒక్కటే. వినిన ఇండ్లు పెక్కు.

నాన్నగారు ఆ పుట చాలసేపు చూచిరి. తరువాత, "అయితే నాదీ ఉందన్నమాట. పాఠాంతరంగా" అని నవ్విరి.

తిరుగుప్రయాణమునకు లేచునపుడు పెట్టెను అచటనే వదలివచ్చితిని. మెట్లు దిగుచుండగా లోపలినుండి తెడ్ల వాద్యము వినబడినది. పాతదే, రోముదే. చెవుల తొడుగు తీసివేసి, ధ్వని గట్టిగా పెంచుకొని వినుచున్నారు. మా వారు నిలబడి ఒక నిమిషము వినిరి. పిదప, "మూడు నెలల పాల డబ్బుకు ఇది ఎక్కువేమీ కాదులే" అని, నా చేతిలోని సంచి తాము పుచ్చుకొనిరి.